కెమెరా తిరగకూడదు, బావా

హుడ్కో, భిలాయి
సంక్రాంతి వెళ్ళిన ఆదివారం

ప్రియమైన బావకి,

నీ ఉత్తరం అందింది. చెల్లాయి మోకాలి నొప్పి తగ్గి మళ్ళీ మెట్లెక్కుతోందని చదివి ఇంటిల్లిపాదీ సంతోషించాం. మేమంతా క్షేమం. పండగకి సెక్టార్ 5 బాలాజీ గుడిలో మనవాళ్ళు చాలామంది కలిశారు. కలిసిన ప్రతివాళ్ళూ నీ సంగతే అడిగారు. ఫిబ్రవరిలో కెమెరాతో వస్తున్నావని చెప్పాను.

ఇన్నాళ్ళకి 4×5 అంగుళాల వ్యూ కెమెరా కొన్నావన్న మాట నాకెంత ఆనందం కలిగించిందో చెప్పలేను. మన చిన్నప్పుడు స్టూడియోలో నల్లగుడ్డ కింద తలదూర్చి, గాజు మీద తలకిందులుగా కనిపించే మన మొహాలు సరిచూసుకునే ఫోటోగ్రాఫర్ని ఎంత వింతగా చూసేవాళ్ళం! ఇప్పుడు ఆ గుడ్డ కింద నువ్వే ఉన్నావు. అందుకే నువ్వు రాసిన ఇబ్బందికి ఫోనులో నాలుగు ముక్కలు చెప్పి ఊరుకోబుద్ధి కాలేదు. తీరిగ్గా రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

నువ్వు రాసింది ఇది. గ్రౌండ్ గ్లాస్ మీద అంతా సరిగ్గా కూర్చోబెట్టి, ఫోకస్ చేసి, ఫిల్మ్ హోల్డర్ తోస్తున్నావు. తీరా నెగెటివ్ కడిగి చూస్తే నువ్వు మధ్యలో పెట్టిన లైట్‌హౌస్ ఒక పక్కకి జరిగి ఉంటోంది. కింద స్క్రూని నాణెంతో బిగిస్తే ఆ పూటకి బాగానే ఉంటోంది, సాయంత్రానికి మళ్ళీ మామూలే. "ఇంకెంత గట్టిగా బిగించాలి?" అని అడిగావు.

బావా, నేను నా ఉద్యోగమంతా మెషిన్ షాపులో టర్నర్‌గా చేశాను. అక్కడ మొదట నేర్చుకునే పాఠం ఒకటి ఉంది. బోల్టు పని రెండు భాగాల్ని దగ్గరికి లాగి పట్టుకోవడం. అవి పక్కకి జరగకుండా, తిరగకుండా ఆపే పని డోవెల్ పిన్నుది, షాఫ్టు మీదైతే కీది. గేర్‌బాక్సుని బెడ్ మీద కూర్చోబెట్టేటప్పుడు నాలుగు బోల్టులూ ఎంత బిగించినా, డోవెల్ కొట్టందే ఆ పని పూర్తయినట్టు కాదు. నీ కెమెరాకీ ట్రైపాడ్‌కీ మధ్య ఉన్నది ఒకే ఒక్క బోల్టు. డోవెల్ లేదు. ఆ లోటు పూడ్చకుండా ఎంత బిగించినా కెమెరా తిరుగుతూనే ఉంటుంది.

ఎందుకు తిరుగుతుందో లెక్క కట్టి చూద్దాం. నీది రెయిల్ మీద జరిగే కెమెరా. ట్రైపాడ్ స్క్రూ రెయిల్ మధ్యలో ఉంటుంది, హోల్డర్ పెట్టే వెనక చట్రం, అంటే వెనక స్టాండర్డ్, దానికి ఒక జానెడు వెనక ఉంటుంది. స్ప్రింగుని తెరుచుకుంటూ హోల్డర్ లోపలికి వెళ్ళాలంటే రెండు కిలోల బరువంత తోపు కావాలి. జానెడు దూరం నుంచి రెండు కిలోల తోపంటే చిన్నదేం కాదు, పొడుగాటి స్పానర్ పట్టుకుని తిప్పినట్టే. దాన్ని ఆపుతున్నది స్క్రూ చుట్టూ ఉన్న చిన్న ప్లేటు రాపిడి ఒక్కటే. ఆ రాపిడి స్క్రూకి ఒకటిన్నర సెంటీమీటర్ల దూరంలోనే పనిచేస్తోంది. తోపు దూరం నుంచి పడుతోంది, పట్టు దగ్గర నుంచి ఆపుతోంది. ఎవరు గెలుస్తారో వేరే చెప్పాలా?

ఇందులో ఇంకో సంగతుంది, దీన్ని బాగా గుర్తుపెట్టుకో. హోల్డర్‌ని కుడివైపు నుంచి లోపలికి తోసినప్పుడు కెమెరా వెనక భాగం ఎడమకి పోతుంది. పైనుంచి చూస్తే అది గడియారం ముల్లు తిరిగే దిక్కు, అంటే స్క్రూ బిగుసుకునే దిక్కు. హోల్డర్లో ఫిల్ముని కప్పి ఉంచే డార్క్ స్లైడ్‌ని కుడివైపుకి లాగినప్పుడు అంతా తారుమారవుతుంది. కెమెరా ఎదురు దిక్కుకి తిరుగుతుంది, స్క్రూ వదులవుతుంది. డార్క్ స్లైడ్ లాగాక నువ్వు చేసేది షట్టర్ నొక్కడమే. గ్రౌండ్ గ్లాస్ ఉన్న చోట హోల్డర్ ఉంది కాబట్టి కెమెరా తిరిగిందని నీ కంటికి కనిపించే దారి లేదు. నీ లైట్‌హౌస్ జరుగుతున్నది సరిగ్గా ఆ క్షణంలోనే. ఒక రోజంతా తోయడం, లాగడం జరిగేసరికి ఉదయం నాణెంతో బిగించిన స్క్రూ సాయంత్రానికి వదులు కావడంలో ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు ఒక్కో భాగం గురించి చెబుతాను.

ముందు స్క్రూ సంగతి. కెమెరాలకి లోకమంతా రెండే కొలతలు: పావు అంగుళం మందంలో అంగుళానికి 20 చూడీలు, అంటే మర చుట్లు, ఉన్నది ఒకటి, 3/8 అంగుళం మందంలో అంగుళానికి 16 చూడీలున్నది రెండోది. చిన్న కెమెరాలకి పావు అంగుళం చాలు. లెన్సూ హోల్డరూ కలిపి నాలుగైదు కిలోలు తూగే నీ కెమెరాకి 3/8 వాడు. దాని కోత వైశాల్యం పావు అంగుళం దానికి దాదాపు రెండున్నర రెట్లుంటుంది, కాబట్టి బిగించేటప్పుడు చూడీలు చెడతాయన్న భయం లేకుండా గట్టిగా లాగొచ్చు. నీ కెమెరా అడుగున పెద్ద రంధ్రంలో ఇత్తడి బుష్ ఒకటి బిగించి పావు అంగుళానికి తగ్గించి ఉంటారు. బుష్ అంచున స్క్రూడ్రైవర్ పట్టే గాడి ఉందేమో చూడు. ఉంటే విప్పి తీసెయ్. ఆ బుష్ వల్ల నష్టం కూడా ఉంది: స్క్రూ విప్పేటప్పుడు అది స్క్రూతో పాటే ఊడి వస్తుంది, లేదా లోపలే సగం తిరిగి ఊగుతూ ఉంటుంది.

స్క్రూ పోతే హార్డ్‌వేర్ షాపులో ఏదో ఒకటి తెచ్చి పెట్టకు. అడిగితే వాళ్ళు ఇచ్చేది 6 మిల్లీమీటర్ల మెట్రిక్ బోల్టు. పావు అంగుళమంటే 6.35 మిల్లీమీటర్లు. మెట్రిక్ బోల్టులో చూడీకీ చూడీకీ దూరం 1 మిల్లీమీటరు, మన దాంట్లో 1.27. రెండు చుట్లు ఎక్కి ఆగిపోతుంది. ఇంకాస్త బలవంతం చేస్తే కెమెరా రంధ్రం పాడవుతుంది. పాత ఇంగ్లీషు కెమెరాల్లో విట్‌వర్త్ చూడీలుంటాయి, వాటి కోణం 55 డిగ్రీలు. ఇప్పటివాటికి 60. అంగుళానికి చూడీల లెక్క ఒకటే కాబట్టి మామూలుగా ఒకదాంట్లో ఒకటి ఎక్కుతాయి, కొంచెం బిరుసుగా అనిపించినా కంగారుపడకు.

ఎక్కించేటప్పుడు ముందు స్క్రూని వెనక్కి తిప్పు. ఒక చోట చూడీ చూడీలోకి జారి కూర్చున్నట్టు వేలికి తెలుస్తుంది. అక్కడి నుంచి ముందుకి తిప్పు. అడ్డంగా ఎక్కే ప్రమాదం ఉండదు. మెషిన్ షాపులో అప్రెంటిస్ కుర్రాళ్ళకి మొదటి వారంలోనే ఇది నేర్పేవాళ్ళం. కనీసం నాలుగైదు చుట్లు పూర్తిగా ఎక్కాలి.

ఎక్కువ పొడుగైనా ముప్పే. స్క్రూ రంధ్రం అడుక్కి తగిలి ఆగిపోతే బిగిసినట్టే అనిపిస్తుంది గానీ ప్లేటు కెమెరాని తాకనే తాకదు. ప్లేటు లేకుండా స్క్రూని రంధ్రంలో ఆగేదాకా తిప్పి, లోపలికి ఎంత పోయిందో వెర్నియర్‌తో కొలు. ప్లేటు పైకి పొడుచుకొచ్చే పొడుగు దానికంటే ఒక మిల్లీమీటరు తక్కువుండాలి. ఎక్కువుంటే కింద వాషర్ వెయ్యి. చెక్క కెమెరా అయితే ఇంకా జాగ్రత్త కావాలి, పొడుగు స్క్రూ పలకని చీలుస్తుంది.

ఇక ప్లేటు. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. రాపిడి స్క్రూకి ఎంత దూరంగా పనిచేస్తే అంత గట్టిగా ఆపుతుంది. కాబట్టి ప్లేటు వెడల్పుగా ఉండాలి, కెమెరా అడుగుని అంచుల దగ్గర తాకాలి. మధ్యలో వెంట్రుకవాసి లోతుగా ఉంటే మంచిదే. మధ్యలో ఉబ్బెత్తుగా ఉంటే మాత్రం కెమెరా దాని మీద ఊగుతుంది. స్టీలు స్కేలుని ప్లేటు మీద నిలబెట్టి వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడు, సందు ఎక్కడుందో ఇట్టే తెలుస్తుంది.

నీ ప్లేటు మీద మెత్తటి రబ్బరు ఉందని రాశావు. పీకెయ్. చేతికి పట్టు ఉన్నట్టు అనిపిస్తుంది గానీ, బరువు కింద రబ్బరు నెమ్మదిగా అణుగుతుంది. అది అణిగిన మేరకు స్క్రూ లాగుడు తగ్గుతుంది. మన మే నెల ఎండలో, 44, 45 డిగ్రీల వేడిలో ఇంకా మెత్తబడుతుంది. కావాలంటే పల్చటి కార్క్ గానీ గట్టి తోలు గానీ అంటించు, లేదంటే లోహం మీద లోహమే ఉండనీ.

ఇంతా చేశాక డోవెల్ పని చేసేదొకటి పెట్టాలి. దానికి మూడు దారులున్నాయి. కెమెరా అడుగున రెండు రంధ్రాలుంటే రెండు స్క్రూలు వెయ్యి, ఇక తిరిగే ప్రశ్నే లేదు. ఒకటే ఉంటే, ప్లేటు వెనక అంచుని పైకి మడిచి కెమెరా అంచుకి ఆనించాలి. రెయిల్ కెమెరా అయితే రెయిల్‌ని పట్టుకునే దిమ్మకి రెండు వైపులా ప్లేటు మీద చిన్న గట్లు కట్టి, దిమ్మ ఆ గట్ల మధ్య ఇమిడేలా చెయ్యాలి. కెమెరాకి కొత్తగా రంధ్రం వెయ్యక్కర్లేదు. ఈ మూడోదే నీకు సరిపోతుంది.

ప్లేటు కెమెరాని వదలకుండా పట్టుకున్నాక, ఆ ప్లేటుని ట్రైపాడ్ మీది హెడ్డు ఎలా పట్టుకుంటోందో చూడాలి. అక్కడా ఒకే స్క్రూ ఉంటే పై అంతస్తులో తీర్చిన కష్టం కింది అంతస్తులో మొదలవుతుంది. రెండు పక్కలా ఏటవాలు అంచులతో గాడిలోకి జారి బిగుసుకునే ప్లేట్లు మేలు. తిన్నని అంచులు రెండు పొడుగునా తాకుతాయి కాబట్టి తిరిగే వీలుండదు. గాడి వదులు చేసినప్పుడు కెమెరా జారి పడకుండా ప్లేటు రెండు చివర్లా చిన్న ఆపు స్క్రూలు ఉండి తీరాలి. హెడ్డు కింద, ట్రైపాడ్ తలని కలిపే చోట ఉండేది కూడా 3/8 స్క్రూనే. చాలా ట్రైపాడ్లకి ఆ తల కింద సన్నటి గ్రబ్ స్క్రూలు ఉంటాయి, అవి హెడ్డు అడుగుని కింది నుంచి నొక్కి తిరగకుండా ఆపుతాయి. అవి ఉన్నాయన్న సంగతే చాలామందికి తెలియదు. అలెన్ కీ తీసుకుని చూడు.

నీ బాల్ హెడ్డు ఈ కెమెరాకి పనికిరాదు, ఇది నిక్కచ్చిగా చెబుతున్నాను. బంతి కేంద్రానికి బరువంతా పైన ఉంటుంది. పిడి వదులు చెయ్యగానే కెమెరా ముక్కుమీద పడుతుంది, ఎటు వాలుతుందో నీ అదుపులో ఉండదు. మూడు దిక్కులకీ వేరువేరు పిడులున్న పాన్-టిల్ట్ హెడ్డు కావాలి. దొరికితే గేర్లున్నది ఇంకా మంచిది. మరని కొంచెం తిప్పితే కొంచెమే కదిలి, వదిలేసిన చోట ఆగుతుంది. కెమెరా బరువుకి రెండు మూడింతలు మోయగలదని రాసి ఉన్నదాన్నే ఎంచుకో. కెమెరా తిత్తి (బెలోస్) సాగదీసిన కొద్దీ బరువు ముందుకి పోతుంది కాబట్టి ఆ అదనపు బలం కావాలి. రెయిల్ కెమెరాలో ఉన్న సుఖం ఏమిటంటే, లెన్సు మార్చినప్పుడల్లా దిమ్మని వదులు చేసి రెయిల్‌ని ముందుకో వెనక్కో జరిపి బరువు సరిచూసుకోవచ్చు. హెడ్డు పిడి వదిలినా కెమెరా వాలకుండా నిలబడే చోటు ఒకటుంటుంది. అది దొరికాకే దిమ్మని బిగించు.

కాళ్ళ విషయంలో చెప్పేది తక్కువే. ఒక కాలు లెన్సు కిందకి, రెండు నీ వైపుకి ఉండాలి. బరువు ముందుకి పడినప్పుడు ఆ కాలు కాస్తుంది, నీ కాళ్ళకి మధ్యలో చోటు ఉంటుంది. మధ్య కడ్డీని ఎత్తనే ఎత్తకు. మెత్తటి మట్టిలో మొనలు దించు. గాలిలో సంచి వేలాడదీస్తే అది ఊగి కెమెరానీ ఊపుతుంది, కాబట్టి నేలకి తాకీ తాకనట్టు కట్టు. నల్లగుడ్డని ఫోకస్ అవగానే తీసి భుజాన వేసుకో. తిత్తి, గుడ్డ రెండూ కలిస్తే గాలికి తెరచాపే.

ఇంత పట్టుదల ఎందుకంటావేమో. 4×5 నెగెటివ్ వైశాల్యం మామూలు 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ చట్రానికి దాదాపు 15 రెట్లు. ఆ నెగెటివ్‌లో ఫర్నేసు మెట్ల కడ్డీలు కూడా లెక్కపెట్టొచ్చు. కానీ అంత వివరం రావాలంటే లెన్సుని ఎఫ్/22కో ఎఫ్/32కో మూయాలి. 100 వేగం ఫిల్ముకి ఎండలో ఎఫ్/32 దగ్గర సెకనులో పాతికో వంతు చాలు, మబ్బు కమ్మితే సెకనులో మూడో వంతు కావాలి, సాయంత్రమైతే సెకన్లకి సెకన్లు. ఆ సేపంతా కెమెరా రాయిలా ఉండాలి. వెంట్రుకవాసి కదిలితే 15 రెట్ల వివరం 15 రెట్ల మసకవుతుంది.

జర్మనీలో బెర్న్‌డ్, హిల్లా బెషర్ అనే దంపతులు జీవితమంతా ఇదే పని చేశారు. ఫర్నేసులు, నీళ్ళ ట్యాంకులు, గని తలల మీది ఇనుప కట్టడాలు, ఒక్కొక్కటీ ఎదురుగా, తిన్నగా, మబ్బు పట్టిన ఆకాశం కింద, పెద్ద కెమెరాలతో తీశారు. ఎత్తు కోసం నిచ్చెనలూ మంచెలూ ఎక్కి తీశారు. 1990లో వెనిస్ బియనాలేలో వాళ్ళ ఫోటోలకి ఇచ్చిన బహుమతి శిల్పకళ విభాగంలోది. వాళ్ళిద్దరూ కలిసి పని మొదలుపెట్టింది 1959లో. మన ఊళ్ళో 1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేసుని ప్రారంభించిన సంవత్సరమే అది. అంతకు ముందు 1930ల మొదట్లో మార్గరెట్ బర్క్-వైట్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్ సోవియట్ రష్యా వెళ్ళి మాగ్నితోగోర్స్క్ ఉక్కు నగరం పుట్టడాన్ని ఫోటోలు తీసింది. పాతికేళ్ళ తర్వాత ఆ దేశపు ఇంజనీర్లే ఇక్కడికొచ్చి మన నాన్నలకి ఫర్నేసు పని నేర్పారు. మన తెలుగు నేల మీద కూడా ఈ వారసత్వం ఉంది. 1880లలో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టిన రాజా దీన్‌దయాళ్ ఆరో నిజాం కోటల్నీ దర్బారునీ పెద్ద గాజు పలకల మీద తీశాడు. ఆ పలకల్లో గుమ్మాల చెక్కడం ఈనాటికీ చెక్కుచెదరకుండా కనిపిస్తుందంటే, ఆయన కెమెరా స్టాండు మీద కదలకుండా నిలబడింది కాబట్టే.

భిలాయిని మాత్రం అలా కూర్చుని తీసిన ఫోటోలు నాకు ఎక్కువగా కనబడలేదు. ఇక్కడ ఉక్కు ప్లాంటు కట్టడానికి సోవియట్ దేశంతో ఒప్పందం మీద 1955 ఫిబ్రవరి 2న సంతకాలయ్యాయి. విజయనగరం నుంచి, శ్రీకాకుళం నుంచి, పార్వతీపురం నుంచి రైలెక్కి వచ్చిన వాళ్ళు ఈ ఫర్నేసులు కట్టారు, ఈ రెయిళ్ళు తయారుచేశారు. దేశమంతా రైళ్ళు నడిచే పట్టాలు చాలావరకు ఇక్కడివే. 2018లో 4,060 ఘనపు మీటర్ల మహామాయ ఫర్నేసు వచ్చింది, పాతవాటి రూపు మారుతోంది. మనం ఆడుకున్న సెక్టార్ల పాత క్వార్టర్లు కూడా ఒక్కొక్కటే శిథిలమవుతున్నాయి. నువ్వు తియ్యాలనుకున్నది ఇదేనని రాశావు. మంచి పని, బావా. కెమెరా కదలని ఫోటోలు కావాలి వీటికి. తరువాతి తరం ఆ నెగెటివ్ ముందు కూర్చుంటే క్వార్టరు కిటికీ ఊచలు, గోడ మీద చాక్‌తో రాసిన వికెట్లు, దూరంగా చిమ్నీ అంచు, అన్నీ కనిపించాలి.

ప్లాంటు లోపలికి అనుమతి లేకుండా కెమెరా తీసుకెళ్ళకూడదని నీకు తెలుసు. బయటి నుంచే తీద్దాం. చిమ్నీ నిటారుగా రావాలంటే కెమెరాని పైకి వంచకు. రసమట్టం పెట్టి తిన్నగా నిలిపి, లెన్సున్న ముందు స్టాండర్డ్‌ని మాత్రమే పైకెత్తు. అలా చేసినప్పుడు బరువు ఇంకాస్త పైకి పోతుంది, పట్టు అప్పుడు మరీ ముఖ్యం. దల్లీ రాజ్‌హరా నుంచి వచ్చే ఇనుప రాయి గూడ్సులు వెళ్ళేటప్పుడు పట్టాల దగ్గర నేల అదురుతుంది. చివరి వ్యాగన్ దాటి, అదురు ఆగేదాకా షట్టర్ జోలికి పోకు.

పనిచేసేటప్పుడు చేతులు ఇలా ఉండాలి. కెమెరాని ట్రైపాడ్ మీద పెట్టిన క్షణం నుంచి స్క్రూ పూర్తిగా బిగిసేదాకా ఒక చెయ్యి కెమెరాని వదలకూడదు. బిగించాక స్టాండర్డ్‌ని కాదు, అడుగు దిమ్మనే పట్టుకుని రెండు వైపులా మెల్లగా తిప్పి చూడు. స్టాండర్డ్ పట్టుకుంటే దాని ఊగుడూ ప్లేటు ఊగుడూ వేరుచేసి తెలియవు. హోల్డర్ తోసేటప్పుడు, డార్క్ స్లైడ్ లాగేటప్పుడు ఎడమచేత్తో వెనక స్టాండర్డ్‌ని పట్టుకుని, కుడిచేత్తో తోసే బలాన్ని ఎడమచెయ్యి ఆపాలి. రెండు చేతులూ ఒకదానికొకటి ఎదురునిలిస్తే ప్లేటు దాకా ఏ తోపూ చేరదు. స్లైడ్ లాగాక మూడు నాలుగు ఊపిర్లు ఆగి కేబుల్ నొక్కు. ఫోటో అయ్యాక హోల్డర్ తీసి గ్రౌండ్ గ్లాస్ మీద మళ్ళీ ఒకసారి చూడు. అంతా నువ్వు పెట్టిన చోటే ఉంటే ఆ నెగెటివ్‌ని నమ్ముకోవచ్చు. లేకపోతే అక్కడికక్కడే ఇంకొకటి తియ్యి, విశాఖ వెళ్ళి కడిగాక తెలిసి లాభం లేదు.

ప్లేటు నేను చేయిస్తాను. నందినీ రోడ్డు లైట్ ఇండస్ట్రియల్ ఏరియాలో మిల్లింగ్ మెషిన్ ఉన్న షాపు ఒకటి నాకు బాగా తెలుసు. నాతో పనిచేసిన కుర్రాడిదే, పని శుభ్రంగా ఉంటుంది. 10 మిల్లీమీటర్ల అల్యూమినియం పలక తీసుకుని, పైన దిమ్మకి రెండు గట్లు, మధ్యలో 3/8 స్క్రూ, కింద 38 మిల్లీమీటర్ల వెడల్పున 45 డిగ్రీల ఏటవాలు అంచులు, రెండు చివర్లా ఆపు స్క్రూలు పెట్టిస్తాను. దానికి నాకు నీ దగ్గర నుంచి కావాల్సినవి ఇవి. దిమ్మని కాగితం మీద బోర్లించి సన్నటి పెన్సిల్‌తో చుట్టూ గీసి పంపు. వెడల్పుని రెండు చివర్లా, మధ్యలో వెర్నియర్‌తో కొలిచి మిల్లీమీటర్లలో పదో వంతు దాకా రాయి. బుష్ తీశాక రంధ్రం లోతు ఎంతో, అది అంచుల నుంచి ఎంత దూరంలో ఉందో రాయి. ఇవి ఈ నెలాఖరులోగా చేరితే నువ్వు వచ్చేసరికి ప్లేటు సిద్ధంగా ఉంటుంది. పాన్-టిల్ట్ హెడ్డు ఇప్పుడే నువ్వు కొనక్కర్లేదు, నాది రెండో హెడ్డు ఖాళీగా ఉంది, అదే పెట్టుకుందువు.

సమతా ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ చేసుకో, దుర్గ్‌లో దిగు, నేను స్టేషన్‌కి వస్తాను. కెమెరాని లగేజీలో వెయ్యకు, ఒళ్ళో పెట్టుకునే రా. చెల్లాయిని కూడా తీసుకురా, మీ అక్కయ్య ఎదురుచూస్తోంది. పిల్లలకి మా ఆశీస్సులు.

కొలతలు మాత్రం తొందరగా పంపు.

ఇట్లు,
నీ బావ